ఎడమ అంచున ఆడిన మిస్టర్ అదర్

నాకు అనుమానం ఎక్కువ. ఇది మా ఆవిడ వేసిన నింద కాదు, నేనే ఒప్పుకుంటున్న సంగతి. షాపులో పాల డబ్బా తీసుకుంటే వెనక వరసలోది తీస్తాను. ఎవరైనా ఫోన్ చేసి "ఊరికే చేశాను" అంటే, ఎందుకు చేశారో తేలేదాకా నాకు తోచదు. నా ఉద్యోగమూ అలాంటిదే. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకునే టెస్టర్ పని. తప్పు ఉండి తీరుతుందని నమ్మేవాడికే ఆ పని బాగా వస్తుంది. అందుకే నాకు కాంట్రాక్టులు ఆగకుండా దొరికేవి.

2012లో మేము అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఉండేవాళ్ళం. ఒకే కప్పు కింద రెండు వాటాలున్న ఇంట్లో ఒక వాటా మాది. రెండో వాటాలో ఎనభై ఆరేళ్ళ ఇంగ్లీషావిడ ఒక్కతే ఉండేది. ఇంగ్లీషావిడ అని తెల్లవాళ్ళందరినీ అన్నట్టు అనడం లేదు, ఆమె నిజంగానే ఇంగ్లండులో పుట్టిన మనిషి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అక్కడికి వచ్చిన ఆర్కన్సా సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని, ఇరవయ్యో ఏట ఓడెక్కి ఇక్కడికి వచ్చేసింది. ఆ సైనికుడు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు.

మేము దిగిన వారంలోనే ఆమె ఒక గిన్నెలో టమాటాలు పట్టుకొచ్చి, "తీసుకోండి లవ్, పెరట్లో కాసినవే" అంది. 'లవ్' అన్న మాట వినగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆ టమాటాలకు బదులుగా ఏం అడగబోతుందా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఆమె చెత్త బండి డ్రైవర్ని కూడా 'లవ్' అనడం విని స్థిమితపడ్డాను. మా ఆవిడది వరంగల్ వైపు. ఆమె ఈ సంగతికి ఎంత నవ్విందో చెప్పలేను.

"గంత ముసలామె నిన్నేం జేస్తదనుకున్నవ్? ఆఫీసుల సాఫ్ట్‌వేర్‌ను అనుమానించు, పక్కింటామెను కాదు," అంది.

మా ఇంటికీ ఆమె ఇంటికీ ముందు వసారా ఒకటే. సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడా ఆమే అక్కడ టీ తాగుతూ కనిపించేవాళ్ళు. వీసా నిబంధనల వల్ల మా ఆవిడకు అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు, ఊళ్ళో బస్సులు లేవు, ఆమెకు కారు నడపడం రాదు. ఇద్దరూ ఒకరికొకరు దొరికారు. మా ఆవిడ ఆమెను 'ఆంటీ' అనేది. ఎనభై ఆరేళ్ళ వయసులో ఆంటీ అనిపించుకోవడం ఆమెకు సరదాగా ఉండేది.

ఆమె చెప్పే కబుర్లన్నీ చివరికి తండ్రి దగ్గరికే చేరేవి. రెండు యుద్ధాలకూ మధ్య కాలంలో ఆయన ఉత్తర ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో రైల్వే షెడ్డులో ఇంజన్లకు మరమ్మతులు చేసేవాడు. కానీ ఆమె దృష్టిలో ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. ఒక చలికాలమంతా ఊరి క్లబ్బుకు ఆడాడట. ఎడమ అంచున పరుగెత్తే ఆటగాడు. "పదకొండు ఆటలు, ఆరు గోల్స్. బంతి తడిస్తే ఇనప గుండే. అయినా మా నాన్న కాలికి తగిలితే పక్షే," అనేది. శనివారం మధ్యాహ్నం ఆయనకు షెడ్డులో డ్యూటీ ఉండేదట. తోటి పనివాడొకడు ఆయన పని కూడా చూసుకునేవాడు. ఆట ముగియడానికి పది నిమిషాల ముందే ఆయన బూట్లతోనే మైదానం దాటి పరుగెత్తి, ఫోర్‌మన్ తనిఖీకి వచ్చే వేళకు షెడ్డులో ఉండేవాడట. ఫోర్‌మన్ కంట పడకూడదని పేపర్లో పేరు కూడా వేయించుకోలేదట.

ఈ కథ నేను నాలుగుసార్లు విన్నాను. నాలుగుసార్లూ అవే మాటలు. 'ఇనప గుండే' తర్వాత అదే విరామం, 'పక్షే' దగ్గర అదే చెయ్యి ఊపడం. ఇది బట్టీ పట్టిన కథ అని నాకు ఖాయమైపోయింది.

బట్టీ పట్టిన కథ నాకెలా తెలుస్తుందో కూడా చెప్పాలి. అమెరికా వచ్చేనాటికి నాకున్న అనుభవం ఒక్క ఏడాది. నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ అతను దాన్ని అయిదేళ్ళు చేశాడు. మిగతా నాలుగేళ్ళకు ఒక కంపెనీ పేరు పెట్టాడు. ఆ కంపెనీ మూతపడింది, అందుకే దాన్ని ఎంచాడు. ఎవరైనా ఫోన్ చేసి కనుక్కుందామన్నా అవతల ఎత్తే మనిషి ఉండడు. న్యూజెర్సీలో గెస్ట్‌హౌస్ అని పిలిచే ఇంట్లో ఎనిమిది మందిమి ఒకే గదిలో పడుకుని, చెయ్యని ప్రాజెక్టుల కథలను గోడకేసి చూస్తూ బట్టీ కొట్టాం. ఆ ప్రాజెక్టులు కూడా ఎవరో నిజంగా చేసినవే. వాళ్ళ పని అంతా తీసుకుని పేరు దగ్గర మా పేరు పెట్టుకున్నాం. ఇంటర్వ్యూలో నాకు ఒక్క మాట తడబడలేదు. నిజంగా పనిచేసినవాడైతే కొంత మరిచిపోయేవాడు.

కాబట్టి ఆమె తండ్రి కథలో నాకు నా రెజ్యూమే కనిపించింది. రికార్డు దొరకని చోటు, దొరకకపోవడానికి తయారుగా ఉన్న కారణం, గట్టిగా చెప్పే అంకెలు. ఆమె మీద కోపం వచ్చేదంటే నమ్మండి. నేను రోజూ భయపడుతూ మోసే అబద్ధాన్ని ఈవిడ టీ తాగుతూ హాయిగా మోస్తోందనిపించేది.

ఆ వేసవిలో ఆమెకు ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ఊరి క్లబ్బు ఇంకా ఉంది. మొదటినుంచీ తమ జట్టుకు ఆడిన ప్రతి మనిషి పేరూ ఒక చెక్క బోర్డు మీద రాయించి గోడకు పెడుతున్నారట. పాత కుటుంబాలను వెతికి రాస్తున్నారు. ఆమె రాసిన జవాబుకు వాళ్ళు, "మీ తండ్రిగారి పేరు మా దగ్గరున్న కాగితాల్లో లేదు, ఆధారం ఏదైనా ఉంటే పంపండి, వసంతకాలానికి బోర్డు పెయింటర్ చేతికి వెళ్ళిపోతుంది" అని మర్యాదగా రాశారు.

ఆమెకు అంతకుమించి కోరిక లేదు. పోయేలోగా తండ్రి పేరు ఆ గోడ మీద ఉండాలి. మా ఆవిడ నన్నడక్కుండానే నా తరఫున మాట ఇచ్చేసింది.

"పాత పేపర్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌ల ఉన్నయంట గదా. నీకు ఎతుకుడే పని. ఆంటీకి జెర ఎతికి పెట్టు."

"దొరక్కపోతే?"

"దొరుకుతది. నువ్వు ఎతుకుతున్నవంటేనే ఆమె సగం కుష్ అయింది."

నేను వెతకడానికి ఒప్పుకున్నది ఆమెకు సాయం చేద్దామని కాదు. పట్టుకుందామని. నెలల తరబడి శనివారాలు కూర్చుని, ఇంటర్నెట్లో పెట్టిన ఆ జిల్లా పాత వార్తాపత్రికలు తిరగేశాను. ఆ చలికాలం సంచికలు కొన్ని లేవు గానీ చాలావరకు ఉన్నాయి. ప్రతి శనివారం ఆటకు ముందు రెండు జట్ల పేర్లూ వేసేవాళ్ళు. మొదట ఇనీషియల్స్, తర్వాత ఇంటిపేరు. చదువుతుంటే మన పదో తరగతి ఫలితాల జాబితా చూస్తున్నట్టు, సొంత ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది.

ఎడమ అంచున ఆడే చోట ఒక వారం ఎవరో ఉన్నారు, మరో వారం ఇంకెవరో. తర్వాత నవంబరు నుంచి వరసగా ఒకే పేరు. ఎ. ఎన్. అదర్. మొత్తం తొమ్మిది ఆటల్లో ఆయనే. దొరకని సంచికలు కలుపుకుంటే పదకొండు కావచ్చు. గోల్స్ కూడా ఎడమ అంచు మనిషివి అయిదు లెక్క తేలాయి.

దొంగ దొరికాడు. ఆమె తండ్రి పేపర్లో పేరు వేయించుకోలేదంటే అక్కడ ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు, నిక్షేపంలాంటి మనిషి ఉన్నాడు. ఆ అదర్ అనే ఆయన చలికాలమంతా బురదలో పరుగెత్తి గోల్స్ కొడితే, షెడ్డులో కూర్చున్న మనిషి ఆ ఆటలనూ గోల్స్‌నూ తన ఖాతాలో వేసుకుని కూతురికి కథ చెప్పాడు. అంకెలు సరిపోవడమే నాకు అసలు రుజువైంది. మేము చేసిందీ అదే కదా. ఇంకొకడి ప్రాజెక్టు, మన పేరు.

ఇంకా చూస్తే అదర్ వేరే ఊళ్ళ జట్లలోనూ తగిలాడు. ఒకచోట గోల్‌కీపరు, ఒకచోట డిఫెండరు. ఒకే శనివారం రెండు ఊళ్ళలో కూడా ఆడాడు. అనుమానం నా పుట్టుక లక్షణమని చెప్పాను కదా, సరిగ్గా ఇక్కడ అది నిద్రపోయింది. మా ఆఫీసులో ఒకే ఇంటిపేరు, అవే ఇనీషియల్స్ ఉన్నవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకరి మెయిల్ ఒకరికి వచ్చేది. వీళ్ళూ అన్నదమ్ముల పిల్లలై ఉంటారనుకున్నాను. పేరు విచిత్రంగా ఉందని కూడా తోచలేదు. కూరగాయలూ పచారీ దినుసులూ ఇంటిపేర్లుగా ఉన్న జాతి మనది. అదర్ ఒక లెక్కా?

దొరికినదంతా, ఆటల వార్తలతో సహా, అలవాటు ప్రకారం ఎక్సెల్ పట్టికలో ఎక్కించాను. అమెరికాలో ఏ ఫారం చూసినా ముందు లాస్ట్ నేమ్ అడుగుతారు. నేనూ మొదటి గడిలో అదర్ అనీ, పక్క గడుల్లో ఎ అనీ ఎన్ అనీ వేశాను. ప్రింటు తీసి, ఆదివారం సాయంత్రం వసారాలో ఆమెకు ఇచ్చాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. మా ఆవిడ టీ కప్పులు కింద పెట్టి నా మొహం చూస్తోంది.

"ఈ తొమ్మిది ఆటల్లోనూ ఎడమ వైపు ఆడింది మిస్టర్ అదర్ అనే ఆయన," అన్నాను. "మీ నాన్నగారు కాదు."

"అదర్," అందామె. "ఆ ఇంటిపేరు మా ఊళ్ళో విన్న గుర్తు లేదే."

"పేపర్లో ఉంది. ప్రతి వారం ఉంది."

"మరి మా నాన్న ఎందుకలా చెప్పాడు?"

నేను భుజాలెగరేశాను. అంతటితో ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. "మనుషులు అలా చెప్పుకుంటారు, మేడమ్. ఇంకొకరు చేసింది తాము చేసినట్టు. నాకు ఇలాంటివి చాలా తెలుసు. మీరు చెప్పిన అంకెలన్నీ ఆ మిస్టర్ అదర్‌వి."

ఆమె వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే ఎదురు చెప్పడానికి సిద్ధంగానూ ఉన్నాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "మీరు కంప్యూటర్లో చూశారు కదా," అంది. "నేను అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాను. నేనేం చూశాను?" తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. టీ తాగలేదు.

"నీ కడుపు సల్లగైందా?" అంది మా ఆవిడ. కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు గెలిచినట్టే ఉంది. ఆ ఊపులోనే పట్టికను క్లబ్బు వాళ్ళకు కూడా మెయిల్ చేశాను. ఫలానా కాలంలో మీ ఎడమ అంచు ఆటగాడు మిస్టర్ అదర్, బోర్డు మీద ఆయన పేరు రాయడం న్యాయం అని రాశాను. ఎవరికో న్యాయం జరిపిస్తున్నానని నిజంగానే అనుకున్నాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. క్లబ్బు చరిత్ర చూసే ఒక పెద్దాయన రాశాడు. మొదటి వాక్యం నాకిప్పటికీ గుర్తే. మిస్టర్ అదర్ తనకు బాగా తెలుసనీ, ఇంగ్లండులో ఆయన ఆడని క్లబ్బు లేదనీ రాశాడు. తర్వాత నెమ్మదిగా విప్పి చెప్పాడు. ఆటగాడెవరో ఇంకా తేలనప్పుడో, పేరు బయటపెట్టడం ఇష్టం లేనప్పుడో అక్కడ పేపర్లో అలా వేస్తారు. 'అనదర్' అన్న మాటను విరిచి ఎ అనీ ఎన్ అనీ ఇనీషియల్స్‌గా పెట్టి, మిగిలిన ముక్కను ఇంటిపేరు చేస్తారు. మరొకడు అని అర్థం. అలాంటి మనిషి లేడు. ఆ చలికాలం ఆ చోట ఎవరాడారో తమకు అందుకే తెలియలేదని ఆయన రాశాడు. నేను పంపిన వార్తల్లో ఒక వాక్యం కింద గీత కూడా గీశాడు. రెండు ఆటల వార్తల్లో, ఎడమ అంచు ఆటగాడు ముగింపుకు ముందే మైదానం వదిలి వెళ్ళాడని, జట్టు పదిమందితో ఆట ముగించిందని ఉంది. "ఆవిడ మాకు రాసిన ఉత్తరంలో తండ్రి షెడ్డుకు పరుగెత్తేవాడని ఉంది. ఆ మనిషి ఈయనే. నాకు సందేహం లేదు. ఆవిడ చేత ఒక వాంగ్మూలం రాయించి, సంతకం పెట్టించి పంపండి, పేరు రాయిస్తాం," అని ముగించాడు.

ఆ వాక్యం నేనే ఎక్కించాను, నా చేతులతోనే. చదివి కూడా దాటిపోయాను. సిగ్గేసింది. అయినా లోపల ఒక సంతోషం. తప్పు దిద్దే వీలుంది, ఒక్క సంతకం చాలు. క్లబ్బు పంపిన నమూనా ప్రకారం నాలుగు వాక్యాల వాంగ్మూలం టైపు చేసి, ప్రింటు తీసుకుని, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని పక్క తలుపు తట్టాను.

ఈ మూడు వారాల్లో ఆమె వసారాలోకి రావడం తగ్గించింది. వచ్చినా వాతావరణం గురించి మాట్లాడేది, మా ఊళ్ళ గురించి అడిగేది. తండ్రి మాట ఎత్తలేదు. మా ఆవిడే ఒకసారి ఎత్తితే, "పాత సంగతులు, లవ్," అని ఊరుకుందట.

నేను మొత్తం చెప్పాను. నాది తప్పన్నాను, క్షమించమన్నాను. పెద్దాయన ఉత్తరం చదివి వినిపించాను. ఆమె విని, ఆ ఉత్తరం చేతిలోకి తీసుకుని మళ్ళీ తనే చదువుకుంది. ఎ. ఎన్. అదర్ అన్న చోట చిన్నగా నవ్వింది. "ఇలా ఇంటిపేరు చివర పెట్టి రాస్తే నాకూ తెలిసేది," అంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

పెన్ను ఇచ్చాను. ఆమె పెన్ను పట్టుకుని వాంగ్మూలం చదివింది. 'నా తండ్రి ఈ ఆటలు ఆడాడని నాకు తెలుసు' అన్న వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది నాకు తెలియదు," అంది.

"మీకు తెలుసు మేడమ్. ఎన్నిసార్లు చెప్పారు మాకు."

"చెప్పాను. మా నాన్న చెప్పింది చెప్పాను. అప్పుడు నాకు తెలుసనే అనుకున్నాను. మీరు కాదన్న తర్వాత ఈ మూడు వారాలూ ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. మా అమ్మ గురించి చెప్పినవి, మొదటి యుద్ధం గురించి చెప్పినవి. దేనికీ నా దగ్గర ఆధారం లేదు. తెలియనిదాని కింద ఎలా సంతకం పెడతాను?"

"ఆంటీ, మీ నాయన నిజమే చెప్పిండు," అంది మా ఆవిడ, తెలుగులోనే. ఆ తర్వాత అదే మాట ఇంగ్లీషులో అంది.

"అయి ఉండొచ్చు," అంది ఆమె. "బహుశా అయి ఉండొచ్చు." పెన్ను మూత పెట్టి నా ముందు ఉంచింది.

వారం ఆగి మళ్ళీ వెళ్ళాను. ఇంకో వారం ఆగి ఇంకోసారి. వాక్యం మార్చి చూశాను, 'నమ్ముతున్నాను' అని. ఆ మాటకు ఆమె ఇంకా ఎక్కువసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. వసంతం దగ్గరపడుతోంది. పెద్దాయన రెండుసార్లు గుర్తు చేశాడు. చివరిసారి వెళ్ళినప్పుడు నాకు పట్టరానంత బాధ వేసింది, ఆ బాధలో నా పాత విద్యే నోట్లోకి వచ్చింది.

"పోనీ మీ బదులు నేను పెడతాను సంతకం," అన్నాను. "ఇంగ్లండులో మీ సంతకం ఎవరికి తెలుసు? ఎవరూ కనుక్కోరు."

ఆమె నా వైపు చూసి నవ్వింది. కోపం లేదు, వెక్కిరింత లేదు. పసివాడేదో అన్నట్టు నా చేతి మీద తట్టింది.

"మీరు అలాంటివారు కాదు, లవ్," అంది. "నన్ను ఊరడించడానికి అంటున్నారు. మీరు వెతికి నిజం తేల్చే మనిషి. మీ మాట మీదే కదా నేను మా నాన్నను నమ్మడం మానేశాను."

నా రెజ్యూమేలోని దొంగ నాలుగేళ్ళ సంగతి అప్పుడు చెప్పి ఉండాలి. చెబితే నా మాట విలువ పోయి, ఆయన మాటకు విలువ తిరిగొచ్చేదేమో. చెప్పకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె లేచి నాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.